పైన పటారమా, లోన బంగారమా? సర్ సి.ఆర్. రెడ్డి గారి జీవితం మనకు నేర్పేది



ఎన్నికలు వచ్చినప్పుడు మన ఊళ్లు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పనక్కరలేదు. ప్రొద్దుటూరు బజారులో మైకులు కట్టిన వ్యాన్లు, జమ్మలమడుగులో నిలువెత్తు కటౌట్లు, పులివెందుల రోడ్డు మీద కార్ల వరుసలు. ఎవరి పాట బాగుంది, ఎవరి ఊరేగింపు పొడవుగా ఉంది, ఎవరు చెయ్యి ఊపిన తీరు బాగుంది అని ఇంటింటా మాట్లాడుకుంటాము. రాబోయే ఐదేళ్లు మన పిల్లల బడి, మన పొలానికి నీళ్లు, మన ఆసుపత్రి ఎవరి చేతిలో పెట్టబోతున్నామన్న మాట మాత్రం చివరికి వస్తుంది. ఒక్కోసారి అసలే రాదు. పైన పటారం, లోన లొటారం అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఇది చదువులేని పల్లెల జబ్బు అని మాత్రం అనుకోవద్దు. మన విచారణలలో ఎన్నో కుటుంబాల పిల్లలు ఇప్పుడు అమెరికాలో ఉన్నారు. అక్కడి ఎన్నికల సంగతులు వాళ్లు ఫోనులో చెబుతుంటే తల్లిదండ్రులు ఆశ్చర్యపోతారు. అంత చదువుకున్న దేశంలో కూడా అభ్యర్థి నవ్వు, నడక, టీవీలో కనిపించే తీరు ఓటును తిప్పేస్తాయా అని నన్ను అడిగినవారున్నారు. తిప్పేస్తాయి. ఆ సంగతికి మళ్లీ వస్తాను. అంతకు ముందు మన రాయలసీమ గడ్డ మీదనే పుట్టిన ఒక పెద్దమనిషి కథ మీకు చెప్పాలి. మాట చమత్కారంలో ఆయనకు సాటి వచ్చేవారు ఆ రోజుల్లో ఆంధ్రదేశంలో బహు అరుదు. ఆ చమత్కారం వెనుక సరుకు ఉందా లేదా అన్న ప్రశ్న ఆయన జీవితమంతా ఆయన వెంట నడిచింది. ఆయనే సర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. సి.ఆర్. రెడ్డి అంటే మీలో పెద్దవారికి వెంటనే తెలుస్తుంది.

ఆయన 1880 డిసెంబరు 10న చిత్తూరు పక్కనున్న కట్టమంచిలో పుట్టారు. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు; ఆ ప్రాంతం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. వ్యవసాయ కుటుంబం. చదువులో చురుకైన కుర్రవాడు కనుక మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి వెళ్లాడు. అక్కడ విద్యార్థిగా ఉండగానే, 1899లో, పందొమ్మిదేళ్లు నిండకముందే, ముసలమ్మ మరణము అనే కావ్యం రాశాడు.

ఆ కథ మనకు దూరపుది కాదు. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువు. కడపలో కలెక్టరు కచేరీలో పనిచేసి వెళ్లిన బ్రౌను దొర ప్రచురించిన అనంతపురం చరిత్రలో ఈ కథ ఉంది. వానలకు చెరువు నిండి కట్ట తెగబోతుంది. కట్ట తెగితే ఊరు మునుగుతుంది. ఊరి రెడ్డి గారి ఇంటి కోడలు ముసలమ్మ ఊరి కోసం ఆ గండిలోకి నడిచి వెళ్లిపోతుంది. దేవత బలి కోరిందన్న నమ్మకాన్ని మనం ఒప్పుకోము; మన ప్రభువు ఒక్కసారే అందరి కోసం బలి అయ్యాడు, ఇక ఎవరి ప్రాణమూ అడగడు. కాని పదిమంది కోసం తనను తాను ఇచ్చుకోవడం ఏమిటో ఆ పల్లె కోడలికి తెలుసు. రాజుల శృంగారాలు, వనవిహారాలు రాసే కావ్యాలను చూసి పెరిగిన ఆ కుర్రవాడు, పేరులేని ఒక రైతు ఇంటి ఆడబిడ్డను కావ్యనాయికగా ఎంచుకున్నాడు. ఈ ముసలమ్మను గుర్తుంచుకోండి. చివర్లో ఆమెతో మనకు పని ఉంది.

1902లో ప్రభుత్వ విద్యార్థి వేతనం మీద ఆయన ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జిలో సెయింట్ జాన్స్ కాలేజీలో చేరారు. అక్కడ విద్యార్థుల వాద సభ ఒకటుంది. రాబోయే మంత్రులు, న్యాయవాదులు అక్కడ మాటకు మాట నేర్చుకుంటారు. ఆ సభకు ఉపాధ్యక్షుడుగా ఎన్నికైన మొదటి భారతీయుడు మన కట్టమంచి వాడే. తెల్లవాళ్ల ఇంట్లో, తెల్లవాళ్ల భాషలో, తెల్లవాళ్లను మించి మాట్లాడి వాళ్ల ఓటు తెచ్చుకోవడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

అక్కడే ఆయనకు ఉదారవాదం ఒంటబట్టింది. ఈ మాటను కొంచెం విప్పి చెబుతాను, ఎందుకంటే ఒక్కో దేశంలో దీనికి ఒక్కో అర్థముంది. ఆనాటి ఇంగ్లండులో ఉదారవాదమంటే ముఖ్యంగా నాలుగు సంగతులు: మనిషికి తన మనస్సాక్షి ప్రకారం ఆలోచించే, మాట్లాడే స్వేచ్ఛ ఉండాలి, ప్రభుత్వం చట్టానికి లోబడి ఉండాలి, ప్రజల ప్రతినిధులకు ప్రభుత్వం జవాబు చెప్పాలి, చదువు అందరికీ అందాలి. ఇందులో కొంత భాగంతో మన శ్రీసభ చాలా కాలం తగాదా పడింది. 1864లో తొమ్మిదవ పయస్ పాపుగారు ఆనాటి ఉదారవాదాన్ని గట్టిగా ఖండించారు. దేవుడు అక్కరలేదనే స్వేచ్ఛ మనిషిని నిలబెట్టదని వారి భయం. 1891లో పదమూడవ లియో పాపుగారు, కూలివాడిని బజారు ధరకు వదిలేసే స్వేచ్ఛ స్వేచ్ఛే కాదని తేల్చారు. కాని 1965లో రెండవ వాటికన్ మహాసభ, మత విషయంలో ఎవరినీ బలవంతపెట్టరాదనీ, అది మనిషి గౌరవంలోనే ఇమిడి ఉన్న హక్కనీ స్పష్టంగా ప్రకటించింది. అంటే పొట్టును చెరిగి గింజను ఉంచుకున్నది.

ఇంగ్లండు నుంచి వచ్చాక రెడ్డి గారు కొంతకాలం బరోడా కాలేజీలో, తరువాత మైసూరు మహారాజా కాలేజీలో పనిచేశారు. మైసూరులో ఒక విశ్వవిద్యాలయం పెట్టాలన్న తలపు వచ్చినప్పుడు, పరదేశాలలోని విశ్వవిద్యాలయాల పద్ధతులు పరిశీలించడానికి ఆ ప్రభుత్వం ఎంచుకున్న ఇద్దరిలో ఆయన ఒకరు. రెండవవారు థామస్ డెన్హమ్ గారు. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జిలతో పాటు అమెరికాలోని చికాగో, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయాల పద్ధతులు కూడా ఆ పరిశీలనలోకి వచ్చాయి. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం వెలిసింది. తరువాత ఆయన మైసూరు సంస్థానం విద్యాశాఖకు అధిపతి అయ్యారు. అస్పృశ్యులని ఊరి వెలుపల ఉంచిన కులాల పిల్లలకు ప్రభుత్వ బడుల తలుపులు తెరవాలని పట్టుబట్టి, అగ్రవర్ణాల వ్యతిరేకతకు ఎదురు నిలిచారు.

ప్రియ పాఠకులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మన విచారణలలో ఎన్ని కుటుంబాల తాతలు బడి మెట్టు ఎక్కనివ్వని రోజులు చూశారో మీకు తెలుసు. మన గురువులు, కన్యస్త్రీలు, ఉపదేశులు చెట్టు కింద పలకలు పట్టించి అక్షరాలు దిద్దించిన రోజులవి. అలాంటి కాలంలో ఒక అధికారి కుర్చీలో కూర్చుని ఆ తలుపు తీయమన్నాడంటే, ఆ ఉదారవాదం కేంబ్రిడ్జిలో నేర్చిన మాటల గారడీ కాదు. అందులో సరుకుంది.

ఈ లోపు 1914లో ఆయన కవిత్వతత్త్వ విచారము అనే పుస్తకం ప్రచురించారు. తెలుగులో కొత్త తరహా సాహిత్య విమర్శకు అది నాంది అని పండితులు ఒప్పుకుంటారు. అందులో ఆయన మన ప్రబంధ కవులను నిలదీశారు. వర్ణనల మీద వర్ణనలు పేర్చి, అలంకారాల మీద అలంకారాలు తొడిగి, లోపల మనిషి హృదయం లేకుండా చేశారన్నది ఆయన ఆరోపణ. పింగళి సూరన వంటివారిలో కథ నడిపే ఊహ ఉందని మెచ్చుకున్నారు. పండితలోకం భగ్గుమంది. ఆయన తొందరపడ్డారని, మన కవుల సొగసు ఆయనకు పట్టలేదని ఎన్నో విమర్శలు వచ్చాయి. వాటిలో కొన్ని న్యాయమైనవే. అయినా ఆయన అడిగిన ప్రశ్న నిలిచింది: నగలు బాగున్నాయి సరే, నగల కింద మనిషి ఉన్నదా?

ఆ ప్రశ్నే త్వరలో ఆయన వైపుకు తిరిగింది. 1921లో మైసూరు ఉద్యోగం వదిలేసి ఆయన మద్రాసు రాజకీయాల్లోకి వచ్చారు. జస్టిస్ పార్టీలో చేరి శాసనమండలిలో కూర్చున్నారు. ఆ మండలి ఎటువంటిదో తెలుసుకోవాలి. 1920లో జరిగిన మొదటి ఎన్నికలో, నాలుగు కోట్ల మంది ఉన్న మద్రాసు రాజధానిలో ఓటు హక్కు ఉన్నవారు సుమారు పన్నెండున్నర లక్షలు. శిస్తు కట్టే భూమి, ఆస్తి ఉన్నవారికే ఓటు. కాంగ్రెసు ఆ ఎన్నికను బహిష్కరించింది. ఓటు వేసినవారు సుమారు మూడు లక్షల మంది మాత్రమే. ప్రొద్దుటూరు మగ్గం నేసేవాడికి, పులివెందుల కూలివాడికి, మన విచారణలలోని పేద కుటుంబాలకు ఆ ఎన్నికతో సంబంధమే లేదు.

1923 ఎన్నికల తరువాత పానగల్లు రాజా గారు రెండవసారి మంత్రివర్గం ఏర్పరచారు. పార్టీలో ఒక్కరి పెత్తనం పెరిగిపోయిందని అసంతృప్తి చెందినవారు బయటికి వచ్చారు. వారికి నాయకుడు సి.ఆర్. రెడ్డి గారు. 1923 నవంబరు 27న ఆయన ఆ మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. భారతదేశపు శాసనసభల చరిత్రలో మొదటి అవిశ్వాస తీర్మానం అదేనని చెబుతారు. ఓట్లు లెక్క పెడితే తీర్మానానికి 44, వ్యతిరేకంగా 65. ఓడిపోయింది.

వాదనలో దిట్ట అయిన మనిషి ఎందుకు ఓడిపోయాడు? ఆ మండలిలో ఎవరు ఎటు నిలబడాలో ఉపన్యాసానికి ముందే తేలిపోయి ఉంటుంది. పదవులు, బంధుత్వాలు, కులపు లెక్కలు, పార్టీ కట్టుబాట్లు అన్నీ ముందే పనిచేసి ఉంటాయి. మంచి ఉపన్యాసం విని చప్పట్లు కొట్టిన చేతులే ఓటు వేరే వైపు వేయగలవు. అయితే తప్పంతా ఎదుటివారిది కాదు. ఆయన పార్టీకి జనంలో వేళ్లు లేవు. ఆయన మాటకు మురిసిన వేలమంది ఉండవచ్చు. ఆయన కోసం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నడిచి వెళ్లే పదిమంది కార్యకర్తలు లేరు. ఎదుటివారిని ఒక్క చమత్కారంతో పడగొట్టే అలవాటు స్నేహితులను కూడా దూరం చేస్తుంది. ఆయన తరువాత కాంగ్రెసుకు దగ్గరయ్యారు, మళ్లీ దూరమయ్యారు. నిలకడ లేనివాడని కొందరు, ఏ పార్టీకీ తల తాకట్టు పెట్టనివాడని మరికొందరు అన్నారు. రెండింటిలోనూ కొంత నిజముంది.

ఇప్పుడు అమెరికా సంగతి. 1928లో ఆల్ స్మిత్ అనే కతోలికుడు అధ్యక్ష పదవికి పోటీ చేసి ఘోరంగా ఓడిపోయాడు. ఆయన మతం కూడా ఆ ఓటమికి ఒక కారణమైంది. 1960లో జాన్ కెన్నెడీ గెలిచి ఆ దేశానికి మొదటి కతోలిక అధ్యక్షుడయ్యాడు. మన పెద్దవాళ్లు ఇళ్లలో ఆయన పటం పెట్టుకున్న రోజులున్నాయి. ఆ ఏడు సెప్టెంబరు 26న ఆయనా, నిక్సనూ టీవీలో ఎదురెదురుగా వాదించారు. అధ్యక్ష అభ్యర్థుల మధ్య అటువంటి టీవీ వాదన అదే మొదటిసారి. కెన్నెడీ నిగనిగలాడుతూ కనిపించాడు. మోకాలి జబ్బుతో ఆసుపత్రిలో ఉండి వచ్చిన నిక్సన్ పాలిపోయి, చెమట తుడుచుకుంటూ కనిపించాడు. రేడియోలో విన్నవారికి నిక్సనే మెరుగనిపించిందని ఒక మాట ప్రచారంలో ఉంది. దానికి గట్టి ఆధారం లేదని పరిశోధకులు కొందరంటారు. ఏది ఏమైనా, కెన్నెడీ దాదాపు ఏడు కోట్ల ఓట్లలో సుమారు లక్షకు పైచిలుకు తేడాతో గట్టెక్కాడు. అంత సన్నని తేడాలో ముఖకాంతికి వాటా లేదని ఎవరు చెప్పగలరు?

1988లో ఇంకో ఎన్నిక. మసాచుసెట్స్ రాష్ట్ర గవర్నరు డుకాకిస్ ఉదారవాది. తాను దేశరక్షణలో మెతకవాడిని కాదని చూపించుకోవడానికి తలకు టోపీ తగిలించుకొని యుద్ధ ట్యాంకు ఎక్కి తిరిగాడు. ఆ బొమ్మ నవ్వులపాలైంది. ఎదుటి పక్షం దాన్నే తమ ప్రచారానికి వాడుకుంది. ఉదారవాది అన్న మాటనే తిట్టుగా మార్చి జార్జి బుష్ గెలిచాడు. ఆ తరువాత చాలా కాలం ఆ పార్టీ నాయకులు ఆ పేరు చెప్పుకోవడానికే జంకారు. తమ సిద్ధాంతం ఏమిటో కూలివాడికి, రైతుకు అర్థమయ్యేలా చెప్పవలసిన చోట వేషం వేయబోతే, వేషమూ కుదరలేదు, సిద్ధాంతమూ పలుచనైంది. 1923లో మద్రాసులో మన రెడ్డి గారికి, 1988లో అమెరికాలో వాళ్లకు పట్టిన జబ్బు మూలంలో ఒకటే. సామాన్యుడి గడప తొక్కని స్వేచ్ఛావాదం ఎంత చక్కగా మాట్లాడినా, ఎన్ని వేషాలు వేసినా నిలవదు.

మళ్లీ మన కథలోకి వద్దాం. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. సి.ఆర్. రెడ్డి గారు మొదటి ఉపాధ్యక్షులు. మొదట బెజవాడలో ఉండి, తరువాత వాల్తేరుకు చేరింది. మన రాయలసీమవారికి ఇది చేదు జ్ఞాపకం. అనంతపురంలో పెట్టాలని మనవాళ్లు అడిగారు, కాలేదు. చివరికి మన జిల్లాలు ఆ విశ్వవిద్యాలయంలో ఉండక మద్రాసు విశ్వవిద్యాలయం కిందనే మిగిలిపోయాయి. 1937లో శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నప్పుడు అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం కావాలన్న కోరిక అందుకే చేరింది. కడప కోటిరెడ్డి గారు దాని మీద సంతకం చేసినవారిలో ఒకరు. తిరుపతిలో విశ్వవిద్యాలయం రావడానికి 1954 దాకా, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం రావడానికి 2006 దాకా ఆగవలసి వచ్చింది. రాయలసీమలో పుట్టిన మనిషి తల మీద ఉన్న విశ్వవిద్యాలయం రాయలసీమకు అందకపోవడం చరిత్రలోని వింత. అది ఆయన ఒక్కడి తప్పు కాదు. కాని ఉదారవాదం అందరిదీ అని చెప్పి కొందరిదిగా మిగిలిపోవడం ఇలాగే జరుగుతుంది.

1930 వచ్చింది. ఉప్పు సత్యాగ్రహం. లాఠీలు, జైళ్లు. ఉపాధ్యక్షుడికి మంచి జీతం, ప్రభుత్వంలో గౌరవం, కట్టవలసిన భవనాలు, నెరవేర్చవలసిన కలలు అన్నీ ఉన్నాయి. నోరు మూసుకొని ఉంటే ఎవరూ తప్పు పట్టరు. విశ్వవిద్యాలయం మంచి కోసమే ఉన్నానని తనకు తాను సర్దిచెప్పుకోవచ్చు. సత్యాగ్రహుల పట్ల ప్రభుత్వం చూపిన క్రూరత్వానికి నిరసనగా సి.ఆర్. రెడ్డి గారు రాజీనామా చేశారు. కేంబ్రిడ్జిలో చేసిన వాదనలు, మండలిలో విసిరిన చమత్కారాలు అన్నీ ఒక పక్క, ఈ ఒక్క కాగితం ఒక పక్క పెట్టి తూచితే కాగితమే బరువు. ముప్పై ఏళ్ల కిందట తాను రాసిన ముసలమ్మ ఆయనకు ఆ రోజు గుర్తుకు వచ్చిందో లేదో దేవుడికి తెలుసు. ఆమె ప్రాణం ఇచ్చింది. ఆయన కుర్చీ ఇచ్చాడు. రెండూ సమానం కావు. కాని ఆయన కూడా ఆ రోజు గండిలోకి ఒక అడుగు వేశాడు.

ఆయన తరువాత రాధాకృష్ణన్ గారు 1931 నుంచి ఆ పదవిలో ఉన్నారు. 1936లో రెడ్డి గారు మళ్లీ వచ్చి 1949 దాకా విశ్వవిద్యాలయాన్ని నడిపారు. రెండవ ప్రపంచ యుద్ధంలో వాల్తేరు భవనాలు సైన్యం చేతికి పోతే గుంటూరులో చదువులు సాగించారు. పిల్లలకు సైన్సు చదువు అందాలని జయపురం మహారాజుల అండ తీసుకున్నారు. 1940లో, కాంగ్రెసు మంత్రివర్గాల పాలనను విమర్శిస్తూ ఇంగ్లీషులో పుస్తకం రాశారు. పై అధిష్ఠానం గుప్పెట్లో మంత్రులు ఉంటే ఓటరుకు జవాబు చెప్పేదెవరన్నది ఆయన బాధ. ఆ బాధ నేటికీ పాతబడలేదు.

దాచకుండా చెప్పవలసింది ఇంకొకటి ఉంది. 1942లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది, ఆయన పుచ్చుకున్నారు. అదే సంవత్సరం క్విట్ ఇండియా ఉద్యమంలో మన పిల్లలు జైళ్లకు పోయారు. పన్నెండేళ్ల కిందట రాజీనామా చేసిన మనిషేనా ఈయన అని అడిగినవారికి జవాబు చెప్పడం కష్టం. మంచివాడి జీవితంలో కూడా గీటురాయి మీద అన్ని గీతలూ ఒక్క రంగులో పడవు. మనమూ అంతే కదా? ఆదివారం పీఠం ముందు ఒకలా, సోమవారం బజారులో ఒకలా ఉండేవాళ్లం ఆయన మీద రాయి విసరడానికి తగము.

పెళ్లి చేసుకోలేదు. 1951 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. ఆస్తి లేనివాడికి, ఆడవారికి, దళితుడికి, అందరికీ సమానంగా ఓటు ఇచ్చిన మొదటి సాధారణ ఎన్నికలు ఆ ఏడు చివర మొదలై 1952లో ముగిశాయి. కొన్ని నెలల తేడాతో ఆయన వాటిని చూడలేకపోయారు. ఆ ఎన్నికలలో మన కడప ప్రజలు లోక్‌సభకు ఎద్దుల ఈశ్వరరెడ్డి గారిని పంపారు. జమ్మలమడుగు ప్రాంతం మనిషి, కమ్యూనిస్టు. 1962, 1967, 1971లలో మళ్లీ ఆయననే ఎన్నుకున్నారు. దేవుని విషయంలో ఆ పార్టీ సిద్ధాంతం మనకు సమ్మతం కాదు. కాని ఆయనది ఆడంబరం లేని నిరాడంబర జీవితమని మన పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. పటారం లేకుండానే ఈ జిల్లాలో నాలుగుసార్లు గెలవవచ్చని ఆయన చూపించారు. మన తాతలు అంత అమాయకులేమీ కారు.

మరి మంచిగా మాట్లాడటమే తప్పా? కాదు. సెమినరీలో తత్త్వశాస్త్రం చదివేటప్పుడు ప్లేటో చెప్పిన ఒక పోలిక విన్నాను. చిన్నపిల్లల పంచాయితీ ముందు వైద్యుడూ, మిఠాయి చేసేవాడూ వాదించుకుంటే ఎవరు గెలుస్తారు? చేదు మందు ఇచ్చినవాడు ఓడిపోతాడు. అందుకని ప్లేటో వక్తృత్వాన్నే అనుమానించాడు. ఆయన శిష్యుడు అరిస్టాటిల్ ఇంకొంచెం ఓర్పుగా ఆలోచించి, మాటకు మూడు కాళ్లుంటాయన్నాడు: చెప్పేవాడి నడవడి, వినేవాడి మనసు, చెప్పిన దానిలోని న్యాయం. మూడూ ఉంటేనే పీట నిలుస్తుంది.

ఇక పునీత అగస్టీను గారిని చూడండి. ఆయన వృత్తే మాటలు నేర్పడం. యవ్వనంలో మానీ మతపు గురువు ఫౌస్తుసును కలిశాడు. మాట తీపి, లోపల డొల్ల అని తెలుసుకున్నాడు. 384లో మిలాను నగరం చేరి, పునీత అంబ్రోసు మేత్రాణుల ప్రసంగాలు వినడానికి వెళ్లాడు. వెళ్లింది భక్తితో కాదు, మాట సొగసు ఎలా ఉందో చూడడానికి. సొగసు కోసం తెరిచిన చెవిలోకి సత్యం కూడా దూరింది. 387లో అదే అంబ్రోసు గారి చేతి మీదుగా జ్ఞానస్నానం పొందాడు. కనుక సొగసు శత్రువు కాదు. అది తలుపు. తలుపు తీస్తే లోపల ఇల్లు ఉండాలి, అంతే.

ప్రొద్దుటూరులో బంగారం కొనేటప్పుడు మన ఆడవాళ్లు మెరుపు చూసి డబ్బు ఇవ్వరు. గీటురాయి మీద గీయించి, తూకం వేయించి తీసుకుంటారు. పులివెందుల చీనీతోటల రైతుకు తెలుసు, తొక్క నిగనిగలాడినంత మాత్రాన రసం ఉండదని. జమ్మలమడుగు దగ్గర పెన్నలో పైన ఎండిన ఇసుకే కనిపిస్తుంది. చెలమ తవ్వితే నీళ్లు. అంత తెలివి ఉన్న మనం ఓటు దగ్గరకు వచ్చేసరికి ఎందుకు మోసపోవాలి?

ఈసారి ఎన్నికలు వచ్చినప్పుడు జపమాల అయ్యాక ఇంటిల్లిపాదీ కూర్చుని మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ మనిషి చెప్పిన మాటల్లో నెరవేర్చినవేవి? తన వాళ్లు కానివారికి, బలహీనులకు ఏ తలుపు తెరిచాడు? న్యాయం కోసం తనకు నష్టమైన పని ఒక్కటైనా చేశాడా? మూడవ ప్రశ్నే అసలు గీటురాయి. సి.ఆర్. రెడ్డి గారికి 1916 నాటికి ఉన్న పేరు, 1923 నాటికి ఉన్న మాట చాతుర్యం ఇవాళ ఎవరికీ పెద్దగా గుర్తు లేవు. బడి తలుపు, రాజీనామా కాగితం మిగిలాయి.

ఒక హెచ్చరిక కూడా. ఓటుకు నోటు తీసుకున్న చేతికి ఈ ప్రశ్నలు అడిగే హక్కు ఉండదు. అమ్మినవాడు సరుకు బాగోలేదని తగాదా పడలేడు కదా. ఓటు వేయడం, ప్రజల మేలుకోసం నిజాయితీగా రాజకీయాల్లో పాటుపడటం గౌరవనీయమైన పని అని రెండవ వాటికన్ మహాసభ మనకు నేర్పింది. మన పిల్లల్లో ఎవరైనా ఆ దారిన వెళ్లాలనుకుంటే వద్దనకండి. చక్కగా మాట్లాడటం నేర్పండి, మాటకు నిలబడటం అంతకంటే ముందు నేర్పండి.

మన ప్రభువు కూడా గొప్పగా మాట్లాడేవాడు; జనం ఆకలి మరచి విన్నారు. కాని ఆయన మాటకు విలువ వచ్చింది కల్వరి కొండ మీద. అక్కడ ఆయన దాదాపు మౌనంగా ఉన్నాడు.

క్రీస్తునందు మీ సోదరుడు,
ఒక విచారణ గురువు